వైజాగ్‌లో బావో కొట్టుకి వెళ్లే పద్ధతి

బావో, అంటే లోపల కూర పెట్టి ఆవిరి మీద ఉడికించే మైదా బన్ను, పార్సిల్ తెప్పించుకుని, అరగంట తర్వాత డబ్బా మూత తీసి, ఒకటి కొరికి, "ఇంతేనా, మెత్తటి మైదా ముద్ద" అని తేల్చేసిన వాళ్లు మా ఇంట్లోనే ముగ్గురున్నారు. వాళ్ల తప్పేం లేదు. ఆవిరి మీంచి దిగిన బావోకి ఆయుష్షు ఐదారు నిమిషాలే. ఆ తర్వాత పైన చర్మం బిగుసుకుంటుంది, అడుగు చెమ్మగిల్లి పేపరుకి అతుక్కుంటుంది, లోపల కూర చల్లబడి నూనె తేరుతుంది. పెసరట్టు పెనం మీంచి ప్లేట్లోకి, ప్లేట్లోంచి నోట్లోకి వెళ్లిపోవాలని అంటాం కదా, ఇదీ అలాంటి సరుకే. ఎప్పుడు వెళ్లాలి, ఒక్కసారికి ఎన్ని చెప్పాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నవన్నీ ఈ ఐదు నిమిషాల లెక్క చుట్టూనే తిరుగుతాయి.

నేను వెళ్లే కొట్టు సిరిపురం దగ్గర ఒక సందులో ఉంది. పేరు చెప్పను, చెప్తే ప్రచారం చేస్తున్నానంటారు, పైగా ఉన్నవే ఆరు స్టూళ్లు. గోడకి బిగించిన ఒక చెక్క బల్ల, కౌంటరు మీద ఒకదాని మీద ఒకటి పేర్చిన వెదురు బుట్టలు, పైన తిరుగుతూ ఎవరికీ గాలి తగలనివ్వని ఫ్యాను, అంతే. ఏసీ లేదు. వైజాగ్ ఉక్కపోతకి ఆ ఆవిరి కూడా తోడైతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, కాటన్ చొక్కా వేసుకుని వెళ్లండి. కళ్లజోడు ఉన్నవాళ్లు కౌంటరు పక్కనే నిలబడితే బుట్ట మూత తీసినప్పుడల్లా అద్దాలు తెల్లబడిపోయి, ఎదురుగా ఏం దించారో కూడా కనపడదు. అయినా సరే కూర్చుంటే అక్కడే కూర్చోవాలి, కౌంటరుకి దగ్గరగా. మూల స్టూలు మీద ఆవిరి తగలదు కానీ మీ ప్లేటు మీదాకా రావడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఉన్న ఐదులో రెండు అక్కడే పోయాయి.

మెనూ చదవడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే బోర్డు మీద బావో, బావో బన్, పావ్, బన్ అని రకరకాలుగా రాసి జనాన్ని తికమక పెడతారు. చైనా భాషలో బావో అంటే చుట్టబెట్టడం, పొట్లం కట్టడం. వడా పావ్‌లో పావ్‌కీ దీనికీ సంబంధం లేదు, అది పోర్చుగీసు వాళ్లు రొట్టెకి పెట్టుకున్న పేరు. ఈస్టు వేసి పొంగించిన మైదా పిండిలో కూర పెట్టి మూసి ఆవిరి మీద ఉడికిస్తే బావో, ఏమీ పెట్టకుండా ఉడికిస్తే మాంతో. ఇదే బన్ను మలేషియాలో పావ్, ఫిలిప్పీన్స్‌లో సియోపావ్, జపాన్‌లో నికుమాన్. మర్చంట్ నేవీలో చేసే మా ఫ్రెండ్ ఒకడు మనీలాలో ఓడ ఆగినప్పుడల్లా సియోపావ్ తినేవాడట, ఇక్కడ మొదటిసారి బావో చూపిస్తే "ఓస్, ఇదా" అన్నాడు. మా అత్తయ్యకి మాత్రం ఇప్పటికీ ఆ పేరు ఎక్కలేదు. "సాయంత్రం బావో తిందామా" అని నేనంటే, "బావ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు కదయ్యా" అంటుంది.

మోమోకీ దీనికీ తేడా ఏంటని ప్రతివాళ్లూ అడుగుతారు. బీచ్ రోడ్డులో బండి మీద తినే మోమో పిండిని పొంగించరు, అందుకే దాని తోలు పల్చగా, సాగుతూ ఉంటుంది. బావో పిండి పులిసి పొంగుతుంది, ఇడ్లీకి బొబ్బట్టుకి ఉన్నంత తేడా. అంచుల్ని కజ్జికాయ అంచు మడిచినట్టు కాకుండా, చీర కుచ్చిళ్లు పోసినట్టు చుట్టూ మడత మీద మడత వేసి నడినెత్తిన ముడి పెడతారు. మా కొట్టులో పిల్లాడు కుచ్చిళ్లు పోస్తుంటే చూడాలి, ఎడమ చేతి బొటనవేలు లోపల కూరని నొక్కి పట్టుకునే ఉంటుంది, కుడిచేతి రెండు వేళ్లు మాత్రం కదులుతూ ఉంటాయి, బన్ను తనంతట తనే తిరుగుతున్నట్టు ఉంటుంది.

ఇంకో రకం, బోర్డు మీద బొమ్మల్లో ఎక్కువగా కనిపించేది, దోసెలా మడిచిన బన్ను. దాని పేరు గువా బావో, తైవాన్‌లో బాగా తింటారు. అసలు పద్ధతిలో అయితే లోపల సోయాలో ఉడికిన పంది పొట్టమాంసం, పులవబెట్టిన ఆవాకు, కొత్తిమీర, పంచదార కలిపిన వేరుశనగ పొడి. నోరు తెరిచిన పులి పందిని కరుచుకున్నట్టుందని అక్కడి వాళ్లు దానికి ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. 2004లో న్యూయార్క్‌లో డేవిడ్ చాంగ్ తెరిచిన మోమోఫుకు నూడుల్ బార్‌లో పంది మాంసం పెట్టిన మడత బన్ను బాగా పేరు తెచ్చుకున్నాక, పెద్ద పెద్ద ఊళ్లలో చాలామందికి బావో అంటే ఈ మడత రకమే అయిపోయింది. మన దగ్గర దాన్లో వేయించిన చికెన్, మయొనైజ్ పెట్టి బర్గర్‌లా ఇస్తుంటారు. తప్పని అనను, పిల్లలు ఇష్టంగా తింటారు. కానీ మొదటిసారి వెళ్తే మూసిన గుండ్రటిదే చెప్పండి, పిండి సంగతేంటో, కూర సంగతేంటో అందులోనే తెలుస్తుంది. వేయించిన చికెన్ ఎక్కడ పెట్టినా బాగానే ఉంటుంది, దాన్నిబట్టి కొట్టు మంచిదో కాదో చెప్పలేం.

ఇక టైమ్. ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే ప్రశాంతంగా తినొచ్చు అని నేనూ అనుకునేవాణ్ణి. మధ్యాహ్నం మూడున్నరకి వెళ్లాను ఒకసారి, కొట్టులో నేనొక్కణ్ణే, చెప్పగానే అర నిమిషంలో ప్లేటు వచ్చేసింది. అంత తొందరగా వచ్చిందంటేనే అర్థం కావాల్సింది, అది ఎప్పట్నుంచో సన్న సెగ మీద కూర్చుని ఉంది. తోలు తడిసి ముడతలు పడి, వేళ్లకి అంటుకుంటోంది. బేరం నడుస్తున్నప్పుడే బుట్టలు ఖాళీ అవుతాయి, కొత్తవి ఎక్కుతాయి. అందుకని పనిరోజుల్లో సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య వెళ్లండి, నలుగురైదుగురు ముందే ఉంటారు, అదే మీకు కావాల్సింది. "తమ్ముడూ, కొత్తగా ఎక్కించినవి ఎప్పుడు దిగుతాయి?" అని అడగండి. పచ్చి బన్ను అయితే పది, పన్నెండు నిమిషాలు, ఫ్రీజర్లోంచి తీసింది అయితే ఇంకొంచెం ఎక్కువ. పది నిమిషాలు ఆగమంటే సంతోషంగా ఆగండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, బీచ్‌కి వెళ్లి వచ్చే జనమంతా అటే తిరుగుతారు, బన్ను బాగానే ఉంటుంది కానీ చేతిలో ప్లేటు పట్టుకుని మోటారు సైకిళ్ల మధ్య నిలబడి తినాలి.

పార్కింగు టెన్షన్ సంగతి సిరిపురం వెళ్లేవాళ్లకి కొత్త కాదు. కారు తీసుకెళ్లకండి, అంతకంటే చెప్పేదేం లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటోలో వచ్చేయొచ్చు.

ఫ్రీజర్ మాటొచ్చింది కాబట్టి, చిన్న కొట్లలో చాలామంది ముందే చేసి ఫ్రీజ్ చేసిన బన్నులు వాడతారు. అది మోసమేం కాదు, ఈ పిండి ఫ్రీజర్ని బాగానే తట్టుకుంటుంది. నాకు పట్టింపు ఉన్నది మైక్రోవేవ్ దగ్గర. మైక్రోవేవ్‌లో పెట్టిన బన్ను బయటికి తీసిన నిమిషంలో రబ్బరు అవుతుంది. లోపల్నుంచి ఆ "టింగ్" వినిపిస్తే నేనైతే టీ తాగి వచ్చేస్తాను. బుట్టలు వెదురువైతే మంచి గుర్తు, కారణం ఉంది. స్టీలు స్టీమర్ మూత కింద ఆవిరి నీళ్లయి బొట్లు బొట్లుగా బన్ను మీద పడుతుంది, పడిన చోటల్లా బంక మచ్చ. వెదురు ఆ తడిని పీల్చేసుకుంటుంది. స్టీలు వాడినా పని తెలిసినవాళ్లు మూతకి లోపల గుడ్డ చుడతారు, మన అమ్మమ్మలు ఇడ్లీ రేకుల మీద గుడ్డ వేసినంత శ్రద్ధగా.

ఆర్డరు చెప్పేటప్పుడు ముందు చూడాల్సింది, రేటు ఒక్క బన్నుకా, ప్లేటుకా అని. ప్లేటుకి రెండు ఇచ్చేవాళ్లున్నారు, మూడు ఇచ్చేవాళ్లున్నారు, పెద్దదైతే ఒకటే పెట్టేవాళ్లూ ఉన్నారు. మేమొకసారి ఆరుగురం వెళ్లి పన్నెండు బన్నులు చెప్పేసి, అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టించుకున్నాం. మొదటి నాలుగు బ్రహ్మాండం. మధ్యలో ఎవరో ఫోటోలు తీశారు, ఒకడు ఫోన్ మాట్లాడొచ్చాడు, చివరి మూడు తినేసరికి చల్లటి దూదిలా ఉన్నాయి. కొట్టువాడి తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే, మనిషికి ఒక్కటి చొప్పున చెప్పడం, అవి తింటుండగా తర్వాతవి ఎక్కించమనడం. "ఒక్కొక్క విడత పంపించు బాబూ" అంటే వాళ్లూ సంతోషిస్తారు, బుట్టలో చోటు వాళ్లకీ సమస్యే. అన్నట్టు, ఈ కొట్లలో పనిచేసే కుర్రాళ్లలో డార్జిలింగ్ వైపు నుంచో, ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లుంటారు. వాళ్లని "ఏయ్ చైనా" అని పిలిచే పెద్దమనుషుల్ని నేను చూశాను, పక్కన కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. మా కొట్టు కుర్రాడు వచ్చి మూడేళ్లయింది, ఇప్పుడు "ఏటి కావాలండీ" అని నాకంటే బాగా అంటాడు.

శాకాహారులు ఇక్కడ కాస్త ఆగి చదవండి. బోర్డు మీద వెజ్ అని పచ్చచుక్క పెట్టినంత మాత్రాన సరిపోదు, మూడు ప్రశ్నలు అడగాలి. కూరలో ఓయిస్టర్ సాస్ వేశారా? చూడ్డానికి సోయా సాస్‌లాగే నల్లగా ఉంటుంది, కానీ అది సముద్రపు ఆల్చిప్పలతో చేసేది, పుట్టగొడుగుల బావోలో రుచి కోసం వేసే అలవాటు ఉంది. మయొనైజ్‌లో గుడ్డు ఉందా? మూడోది ఎవరూ అడగరు, వెజ్ బుట్ట పైనుందా, కిందుందా? ఒకే గిన్నె మీద బుట్టలు పేరిస్తే పై బుట్టలోని చికెన్ నుంచి కారిన రసం కింది బుట్టలోకి దిగుతుంది. వెజ్ పైన పెట్టమంటే పెడతారు, లేదా వేరే గిన్నె ఉందని చెప్తారు. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లకి మాత్రం ఈ కొట్టులో పనిలేదు, ఉల్లికాడలూ వెల్లుల్లీ లేని కూర ఒక్కటి కూడా ఉండదు, సోమవారం ఉపవాసం విడిచాక తిందామనుకుంటే తీపిది చూసుకోండి.

పంది మాంసం తినని వాళ్లు కూడా అడిగి తినడం మంచిది, చైనాలో బావో అంటే ఎక్కువగా పందే. లోపల ఎర్రగా, తియ్యగా కాల్చిన పంది మాంసం, నెత్తిన పువ్వులా పగులు ఉండే చార్ సియూ బావో దక్షిణ చైనాలోని కాంటన్ వైపుది, దాన్ని ఇక్కడ చికెన్‌తో చేస్తే పేరు అదే ఉంచి పక్కన చికెన్ అని రాస్తారు, రాయకపోతే అడగండి. ఆ పగులు ఉడకడంలో తేడా వల్ల వచ్చింది కాదు, కావాలనే బేకింగ్ పౌడర్ ఎక్కువ వేసి అలా విచ్చుకునేలా చేస్తారు. మనూళ్లో అయితే నా ఓటు రొయ్యలకి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ప్లేట్లోకి వచ్చేది దాదాపుగా చెరువు రొయ్యే. మెత్తగా, తియ్యగా ఉంటుంది, బావోలోకి అదీ బాగుంటుంది, కానీ సముద్రపు రొయ్య అని చెప్పి ఎక్కువ రేటు అడిగితే నవ్వి ఊరుకోండి. వేరుశనగ, నువ్వులు, సోయా పడనివాళ్లు ముందే చెప్పాలి, ఈ మూడూ ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లు మైదా ఒక్కటే లెక్కేసుకోవద్దు, పిండిలో పంచదార కూడా పడుతుంది.

ప్లేటు వచ్చింది. మొదట అడుగున ఉన్న పేపరు తీసేయండి. ఇది చెప్పాలా అనుకోకండి, మా బాబాయ్ పేపరుతో సహా సగం బన్ను తినేశాడు. విజయనగరం నుంచి ఏదో పని మీద వస్తే తీసుకెళ్లాను. ప్లేటు చూడగానే, "ఏట్రా ఇది, తెల్లగా పాలిపోయినట్టుంది, ఉడికిందా అసలు?" అన్నాడు. ఉడికింది తిను బాబాయ్ అన్నాను. రెండు ముద్దలు నమిలి, "కూర బాగుంది గానీ అడుగు పీచుపీచుగా ఉందిరా" అన్నాడు. అప్పుడు చూశాను. చెప్పాక కూడా పెద్దగా ఇబ్బంది పడలేదు, అరిటాకు మీద ఉడికిస్తే ఈ గోల ఉండదు కదా, పొట్టిక్కలు పనసాకుల్లో వండట్లేదా అన్నాడు. అదీ నిజమే.

ఉడికిందా అన్న అనుమానం చాలామందికి వస్తుంది, బన్ను మీద ఎర్రటి రంగు ఉండదు కాబట్టి. వేలితో మెల్లగా నొక్కండి, గుంట పడి వెంటనే పైకి లేస్తే ఉడికినట్టే. గుంట అలాగే ఉండిపోతే, నమిలినప్పుడు పళ్లకి బంకలా అతుక్కుంటే, పిండి సరిగా పొంగలేదు, లేదా మధ్యలో మూత తీశారు. వెనక్కి ఇచ్చేయొచ్చు, మొహమాటం అక్కర్లేదు. పైన అక్కడక్కడా పసుపు చుక్కలుంటే బేకింగ్ పౌడర్ కలవలేదని, తినొచ్చు, చేదు తగలొచ్చు.

చేత్తో తినండి. చాప్‌స్టిక్స్ ఇస్తారు, ఫోటోకి బాగుంటాయి. మొదటి కొరుకు చిన్నగా, పక్క నుంచి, అదీ ఆవిరి బయటికి పోవడానికే. లోపలి కూర బయటి బన్ను కంటే చాలా వేడిగా ఉంటుంది, చేతికి వెచ్చగా తగిలింది కదా అని నమ్మకూడదు. నమ్మి ఒకసారి నాలుక కాల్చుకున్నాను, అదీ తీపి దానితో. ఉప్పు గుడ్డు పచ్చసొన, వెన్న, పంచదార కలిపి పెట్టే కస్టర్డ్ బావో ఒకటుంటుంది, విరిస్తే లావాలా కారుతుంది. విరవకుండా సగం నోట్లో పెట్టేసుకున్నాను. రెండు రోజులు పప్పన్నానికీ ఆవకాయకీ తేడా తెలియలేదు. ఇప్పుడు దాన్ని విరిచి, వంద లెక్కపెట్టి తింటాను. ఐదు నిమిషాల లెక్కకి ఇదొక్కటే మినహాయింపు. తీపిలో పెద్దవాళ్లకి పెట్టాలంటే ఎర్ర చిక్కుడుగింజల ముద్ద పెట్టినది చెప్పండి, ఆవిరి మీద ఉడికిన పూర్ణం బూరెలా ఉంటుంది, మా అత్తయ్య రెండు తింటుంది, పేరు అడక్కుండా.

మడత బన్ను అయితే రెండు చేతులతో పట్టుకుని, ప్లేటు మీదికి వంగి, తెరిచి ఉన్న వైపు నుంచి కాకుండా పక్క మూల నుంచి మొదలుపెట్టండి, లేకపోతే మొదటి కొరుకుకే లోపలిదంతా బయటికి జారిపోతుంది.

సాస్‌ల దగ్గర మనవాళ్లు చేసే పని, సాంబార్లో ఇడ్లీ ముంచినట్టు బన్ను మొత్తం ముంచేయడం. ఈ పిండి ఇడ్లీలా తట్టుకోదు, పీల్చేసుకుని ముద్దయిపోతుంది. మొదటి కొరుకు తర్వాత లోపల కూర మీద అర చెంచా వేసుకోండి చాలు. నల్ల వెనిగర్ ఉంటే అది, ఒక చుక్క కారం నూనె, అంతే. కారం నూనెలో సిచువాన్ మిరియాలు వేసి ఉంటే నాలుక తిమ్మిరెక్కుతుంది, కంగారు పడకండి, అది కారం కాదు, ఆ గింజ గుణమే అది, కాసేపటికి పోతుంది. ఎర్రగా ఉన్న ప్రతిదీ మన గుంటూరు కారంలా మండదు, ముందు చెంచా చివర నాకి చూడండి.

పక్కన ఏం తాగాలంటే నేను వేడి టీ అంటాను, మా ఆవిడ నిమ్మసోడా అంటుంది, ఆ ఉక్కపోతలో ఆవిడదే రైటు.

బిల్లులో ఐదు శాతం జీఎస్టీ ఉండొచ్చు, సర్వీస్ ఛార్జి అని విడిగా వేస్తే అది మీ ఇష్టం, కట్టాలని లేదు. తినేశాక స్టూలు ఖాళీ చేయండి. ఆరు స్టూళ్ల కొట్టులో కూర్చుని సొంత ముచ్చట్లు పెట్టుకోవడం బయట నిలబడ్డవాళ్ల బావోని చల్లార్చడమే. ముచ్చట్లకి పక్కనే ఆర్కే బీచ్ ఉంది, ముంత మసాలా కూడా ఉంటుంది.

ఇంత చెప్పాక కూడా ఇంట్లోవాళ్ల కోసం పార్సిల్ కట్టించుకోక తప్పదు, నాకూ తప్పదు. అప్పుడు ఉడికించనివి ఇస్తారా అని అడగండి, ఫ్రీజర్ సరుకు ఇస్తే ఐస్‌క్రీమ్ తెచ్చినట్టు గబగబా ఇంటికి తెచ్చి మీ ఫ్రీజర్లో పెట్టేయండి, తినే రోజు కరగనివ్వకుండా నేరుగా ఆవిరికి ఎక్కించొచ్చు. ఉడికినవే తెస్తే డబ్బా మూత గట్టిగా పెట్టనివ్వద్దు, ఆవిరి లోపలే నీళ్లయి బన్నుని తడిపేస్తుంది, మూత కాస్త తెరిచి ఉంచమనండి. ఇంట్లో ఇడ్లీ పాత్ర చాలు. గుంటల రేకులు తీసేసి, చిల్లుల పళ్లెం వేసి, దాని మీద అరిటాకు ముక్కో, బటర్ పేపరో పరిచి, బన్నుకీ బన్నుకీ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. మూతకి పల్చటి గుడ్డ చుట్టి కొసలు పైకి ముడేయండి, కిందికి వేలాడితే అంటుకుంటాయి. నీళ్లు మరిగాకే పెట్టాలి, ఉడికినవైతే మూడు నాలుగు నిమిషాలు. స్టవ్ కట్టేశాక వెంటనే మూత తీయకండి, ఒక్క నిమిషం ఆగి, కొంచెం పక్కకి జరిపి, తర్వాత తీయండి, లేకపోతే చల్లగాలి తగిలి బన్ను మీద సొట్టలు పడతాయి. రొయ్యలవైతే ఆ రాత్రే తినేయండి, చికెన్‌వి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి వరకు.